మా ఇంట్లో మొదటి రిటైర్మెంటు

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. రిటైరైన మొదటి మనిషినీ నేనే. ఈ రెండింటికీ మధ్య ఉండాల్సినంత కాలం గడవలేదు, అంతే.

నేను చదివిన కాలేజీలోనే నాకు ఉద్యోగం వచ్చింది. ఇంకా పర్మనెంటు కాలేదు. వేసవి సెలవుల్లో గదులు ఊరికే పడి ఉంటున్నాయి కదా, చుట్టుపక్కల బడిపిల్లల్ని పిలిచి కాలేజీ అంటే ఏమిటో, ఉద్యోగాలంటే ఏమిటో చూపిద్దామని ప్రిన్సిపల్ గారికి ఆలోచన వచ్చింది. ఆ శిబిరం బాధ్యత నా నెత్తిన పెట్టారు. "మాట రాకుండా నడిపించమ్మా. ముగింపు రోజు అందరి ముందూ నీ పర్మనెంటు సంగతి చెప్పేస్తాను" అన్నారు.

మా నాన్న ఇస్త్రీ చేస్తాడు. అమ్మ ఆ బట్టల మూటలు ఇంటింటికీ అందించి వస్తుంది. నన్ను చదివించింది ఆ ఇస్త్రీ పెట్టె, ఆ మూటలు. పర్మనెంటు అన్న మాటను మా ఇంట్లో గట్టిగా అనేవాళ్ళు కాదు. అంటే బెదిరి పారిపోతుందేమోనన్నట్టు గొంతు తగ్గించి అనేవాళ్ళు.

శిబిరానికి ఒక నియమం రాసి హాలు గోడకు అంటించాను. "పెద్దయ్యాక ఏమవుతావు అన్న ప్రశ్నకు ఎవరు ఏ జవాబు చెప్పినా కాదనకూడదు. ఆ పనిని ప్రత్యక్షంగా చూపించాలి." చిన్నప్పుడు మా టీచరు ఇదే ప్రశ్న అడిగితే కాలేజీలో ఉద్యోగం చేస్తానన్నాను. క్లాసంతా నవ్వింది, టీచరుతో సహా. అందుకే ఆ నియమం అంత పెద్ద అక్షరాలతో రాశాను.

నియమం బాగానే నడిచింది. డాక్టరు అవుతానన్న వాళ్ళకు డాక్టరమ్మను పిలిపించాం. లిఫ్టు బాగుచేస్తానన్న పిల్లకు లిఫ్టు విప్పించి చూపించాం. ఒకడు క్రేన్ అవుతానన్నాడు. నడిపేవాడివా నాన్నా అని అడిగితే, కాదు, క్రేనే అవుతానన్నాడు. కాదనడానికి లేదు కదా. చేతికి తాడు కట్టి రెండో అంతస్తు వరండాలో నిలబెట్టాం. కింద నుంచి నీళ్ళ సీసాలన్నీ వాడే పైకి లాగాడు. చేసే పనిలో అంత తృప్తి ఉన్న మనిషిని ఆ కాలేజీలో నేను మరొకరిని చూడలేదు.

చిక్కంతా బామ్మతో వచ్చింది. బామ్మ అంటే ఎనిమిదేళ్ళ పిల్ల. చేతులు వెనక్కి కట్టుకుని, నిట్టూరుస్తూ నడుస్తుందని తోటి పిల్లలు పెట్టిన పేరు అది.

"నేను రిటైర్ అవుతా" అంది బామ్మ.

"రిటైర్ అవ్వాలంటే ముందు ఏదో ఒక ఉద్యోగం చెయ్యాలి కదమ్మా."

"మా తాతయ్యా అదే అంటాడు. మధ్యలోది ఎగరగొట్టెయ్యకూడదా మిస్?"

"మధ్యలోదే కదా అసలు ఉద్యోగం."

"అందుకే."

ప్రిన్సిపల్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన తల పట్టుకుని, "నియమం రాసింది నువ్వే. చూపించు" అన్నారు.

మా కాలేజీలో రిటైర్మెంటుకు ఒక కుర్చీ ఉంది. ఎత్తు వీపు, మెత్తటి చేతులు, మీద తెల్ల గుడ్డ. మిగతా రోజుల్లో అది అటెండరు సంరక్షణలో చీకటి గదిలో ఉంటుంది. రిటైరయ్యే వాళ్ళను అందులో కూర్చోబెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టి పంపిస్తారు. ఇక టైముతో పనిలేని వాళ్ళకు గడియారం ఎందుకిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

పిల్లకు చూపించడానికి ఎవరైనా కాసేపు ఆ కుర్చీలో కూర్చుంటే చాలు. పెద్దవాళ్ళయితే బాగుంటుందని కెమిస్ట్రీ మాస్టారిని అడిగాను. "నాకు నడుం నొప్పమ్మా, కుర్చీలు పడవు" అని ఆ పూటంతా నిలబడే ఉన్నారు. లైబ్రేరియన్ గారైతే "అమ్మాయ్, దాని వైపు చూడమని కూడా నన్ను అడక్కు" అని పుస్తకాల వెనక్కి వెళ్ళిపోయారు. మొహమాటపడుతున్నారనుకున్నాను. నాకేం తెలుసు? మా వైపు ఎవరైనా పని మానేశారంటే జ్వరమైనా వచ్చి ఉండాలి, లేదా అంతకంటే పెద్దదైనా జరిగి ఉండాలి. కుర్చీ వేసి పని మాన్పించడం మేము చూసింది కాదు.

సరేలెమ్మని నేనే కూర్చున్నాను.

ఆఫీసు సూపరింటెండెంటు గారు లేచి మాట్లాడారు. అడిగినప్పుడల్లా ఒక స్టాప్లర్ ఇవ్వడానికి ఏడిపించిన మనిషి, "మేడమ్ గారు లేని లోటు తీర్చలేనిది" అంటూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కెమిస్ట్రీ మాస్టారు నిలబడే ఉండి, నా సహనాన్ని మెచ్చుకున్నారు. నన్నెవరూ అంతసేపు పొగిడి ఎరగరు. నాకూ కన్నీళ్ళాగలేదు. గడియారం ఇచ్చారు. అటెండరు వచ్చి అరచెయ్యి చాపాడు. అదీ అందులో భాగమే అనుకుని నా గది తాళాలు అతని చేతిలో పెట్టాను. బామ్మ మొదటి వరుసలో కూర్చుని, అంతా అర్థమైనట్టు తలూపింది.

మర్నాడు పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి జాలిగా నవ్వాడు. "ఊసుపోలేదా మేడమ్? అందరూ అంతే. మొదట్లో ఇలాగే ఊరికే ఓసారి చూసిపోదామని వస్తారు. తర్వాత అలవాటైపోతుందిలెండి."

నా గది తలుపు మీద నా పేరు లేదు. పరుగున సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళాను.

"ఆ కుర్చీలో కూర్చుని, గడియారం తీసుకుని, తాళాలు ఇచ్చేశాక మళ్ళీ గదికెళ్ళిన వాళ్ళు ఈ కాలేజీ పుట్టాక లేరమ్మా" అన్నారాయన. "పద్ధతి అది."

"సార్, అది పిల్లలకు చూపించడానికి చేసింది. నటన."

ఆయన మొహం చిన్నబోయింది. "నేను నటించలేదే. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మీరు నటించారా?"

అవునని అనలేకపోయాను.

ప్రిన్సిపల్ గారు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. "పద్ధతి నా చేతుల్లో ఉంటే నేనిలా ఎందుకుంటానమ్మా? నీ చోటు ఖాళీ అయింది. శిబిరం ఆగకూడదు. అవతల ఆ పిల్ల రిటైర్ అవ్వాలంటే సర్వీసు లేదు. రెండు చిక్కులూ ఒకేసారి తీరాయి."

"అంటే?"

"నీ చోట్లో ఆ పిల్లను వేశాం."

"సార్, దానికి ఎనిమిదేళ్ళు."

"కాబట్టే చాలా సర్వీసు ఉంటుంది" అన్నారాయన.

ఇంటికి వెళ్ళేసరికి సంగతి నాకంటే ముందే చేరింది. పెద్దమామయ్య, అంటే అమ్మకు అన్న, చేతికి సిమెంటు మరకలతోనే వచ్చి కూర్చున్నాడు. తాపీ పని ఆయనది. మేనత్త నాలుగిళ్ళలో పనిచేస్తుంది, మూడో ఇంటికీ నాలుగో ఇంటికీ మధ్య వచ్చింది.

"మన రెండు వైపులా వెతికినా రిటైరైన వాళ్ళు లేరే అమ్మడూ" అన్నాడు మామయ్య ఆనందంగా. "మా నాయన గోడ మీదే పోయాడు. ఎలా ఉంటుందే అది?"

"ఖాళీగా ఉంటుంది మామయ్యా."

"అబ్బ" అంది అత్త కళ్ళు మూసుకుని. "ఇంకోసారి చెప్పు."

"దిష్టి పెట్టకు వదినా" అంది అమ్మ. ఆమెకు సంతోషించాలో ఏడవాలో తెలియక అందరికీ రెండేసిసార్లు టీ పోస్తోంది.

నాన్న గడియారాన్ని ఇస్త్రీ బల్ల పైన మేకుకు తగిలించి, చొక్కా కాలర్ మీద పెట్టె నడుపుతూ ఉండిపోయాడు. వాళ్ళంతా వెళ్ళాక అడిగాడు.

"పర్మనెంటు అంటే ఇదేనా?"

"కాదు నాన్నా."

"మరి అది పోయినట్టేనా?"

"ముగింపు రోజులోగా నా తాళాలు నాకు రాకపోతే పోయినట్టే."

నాన్న పెట్టె పక్కన నిలబెట్టాడు. పనిమధ్యలో ఆయన పెట్టెను అలా వదిలెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. "నువ్వు చదువుకున్నావు కదా, ఏదో ఒక దారి ఉండే ఉంటుంది. చూడు" అన్నాడు.

రేపన్నది లేనట్టు మర్నాడు పొద్దున్నే కాలేజీకి పరిగెత్తాను. "ఇవాళ కూడానా?" అన్నాడు వాచ్‌మన్.

బామ్మ నా గదిలో, నా కుర్చీలో, ఫైళ్ళు దొంతరగా పెట్టుకుని వాటి మీద కూర్చుని ఉంది. మెడలో నా తాళాల గుత్తి. రెండు రోజుల్లోనే ముసలిదైపోయినట్టు కనిపించింది.

"మిస్, ఇది చాలా పని" అంది. "అందరూ వచ్చి సంతకం అంటారు. నాకు సంతకం రాదు, పువ్వు వేస్తున్నా. క్రేన్‌గాడు సెలవు కావాలంటాడు. వాడికి సెలవిస్తే పైకి నీళ్ళు ఎవరు తెస్తారు? చెప్పినా వినడు."

"నిన్ను ఎప్పుడు రిటైర్ చేస్తారట?"

"నాకు ఇంకా వయసు రాలేదంట. ఎవరైనా వచ్చి ఈ పని చేస్తాననే వరకూ వదలరంట." మెడలోని తాళాల గుత్తి పట్టుకుని నా వైపు చూసింది. "మా తాతయ్య ఇదంతా నాకెందుకు చెప్పలేదు మిస్?"

ఇద్దరం చేతులు పట్టుకుని సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కఠినమైన మనిషి కాదు. పద్ధతి దాటని మనిషి, అంతే. "రిటైరైన వాళ్ళను మళ్ళీ తీసుకోం" అన్నారు. కాసేపు పైకప్పు వైపు చూసి, "శిబిరంలో చేరొచ్చు" అన్నారు.

"పిల్లల శిబిరంలోనా?"

"ఉద్యోగం లేనివాళ్ళు, ఉద్యోగాల గురించి తెలుసుకోవాలనుకునే వాళ్ళు ఎవరైనా చేరొచ్చని శిబిరం ప్రకటనలో ఉంది. వయసు పెట్టడం మర్చిపోయారు. ఎవరు రాశారో మరి."

రాసింది నేనే. ఆయనకూ తెలుసు.

అలా నేను శిబిరంలో చేరాను. నాకూ పసుపు టోపీ ఇచ్చారు, చెవుల పైదాకే వచ్చింది. పిల్లలతో పాటు వరుసలో నిలబడి లైబ్రరీ చూశాను, లిఫ్టు చూశాను, చప్పట్లు కొట్టమన్నప్పుడు కొట్టాను. లైబ్రేరియన్ గారు నాకూ "ఇది పుస్తకం, ఇది అట్ట" అని చెప్పారు. క్రేన్ నా పక్కన కూర్చుని, "నువ్వు ఏ క్లాసు ఫెయిలయ్యావు?" అని మెల్లగా అడిగాడు. ఏదీ కాలేదంటే నమ్మలేదు. "పర్లేదులే, నేనెవరికీ చెప్పను" అన్నాడు.

ముగింపు రోజు హాలు నిండిపోయింది. తల్లిదండ్రుల వరుసల్లో వెనగ్గా అమ్మా నాన్న. నాన్న ఒళ్ళో తెల్లగుడ్డలో చుట్టిన మూట. ఎందుకైనా మంచిదని గడియారం వెంట తెచ్చాడు. ప్రిన్సిపల్ గారు, సూపరింటెండెంటు గారు వేదిక మీద ఉన్నారు. పక్కన ఆ కుర్చీ కూడా ఉంది. బామ్మ ఒక్కొక్కరినీ లేపి ప్రశ్న అడుగుతోంది. నా వంతు వచ్చింది.

"మీరు పెద్దయ్యాక ఏమవుతారు మిస్?"

టోపీ తీసి లేచి నిలబడ్డాను. నాకా క్షణాన మా పాత క్లాసు గుర్తొచ్చింది. హాల్లో పెద్దవాళ్ళు కొందరు అప్పటికే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఈ కాలేజీలో ఉద్యోగం చేస్తాను" అన్నాను. "ఈ శిబిరం నడిపే ఉద్యోగం. పర్మనెంటుగా."

ఎవరో కిసుక్కుమన్నారు. బామ్మ చేతులు వెనక్కి కట్టుకుని అటు తిరిగి చూసేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఆమె గోడ వైపు వేలు చూపించింది. సూపరింటెండెంటు గారు వేదిక దిగి, కళ్ళజోడు సర్దుకుని, నియమాన్ని పెదవులు కదుపుతూ చదివారు. మళ్ళీ మొదట్నుంచి చదివారు.

"కాదనకూడదు. ప్రత్యక్షంగా చూపించాలి" అన్నారు. "అంటే ఈమెకు ఆ ఉద్యోగం ఇచ్చి చూపించాలి. పర్మనెంటుగా అంటే, చూపించడం ఎప్పటికీ ఆపకూడదు." ఆయన మొహంలో మొదటిసారి హాయి కనిపించింది. "పద్ధతి ప్రకారమే ఉంది సార్."

ప్రిన్సిపల్ గారు అక్కడికక్కడే మైకులో నా పర్మనెంటు సంగతి చెప్పేశారు. వెనక నుంచి అమ్మ "గట్టిగా అన్నారు, గట్టిగా అన్నారు" అని నాన్న భుజం చరుస్తోంది.

బామ్మ తాళాల గుత్తి తీసి నా మెడలో వేసింది. వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కాళ్ళు నేలకు అందలేదు. ఆఫీసులో గడియారాలు అయిపోయాయన్నారు. నాన్న మూట విప్పి ఆ గడియారాన్నే అందించాడు. సూపరింటెండెంటు గారు మళ్ళీ నిజంగానే ఏడ్చారు.

"ఇప్పుడేం చేస్తావమ్మా?" అని అడిగాను దిగేటప్పుడు.

బామ్మ గడియారాన్ని చంకలో పెట్టుకుని ఆలోచించింది. "రేపు ఊరికే ఓసారి వచ్చి చూసిపోతా" అంది.

హాలు ఖాళీ అయ్యాక నాన్న ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళి, చేతి మీద వేలితో నొక్కి చూశాడు.

"మెత్తగా ఉందే."

"కూర్చో నాన్నా."

"అమ్మో. సాయంత్రానికి ఇవ్వాల్సిన బట్టలున్నాయి."

"అవి నేను చూసుకుంటాలే, కూర్చో" అంది అమ్మ.

నాన్న అంచు మీద కూర్చున్నాడు. తర్వాత కొంచెం వెనక్కి జరిగాడు. వీపు ఆనింది. కళ్ళు మూసుకున్నాడు గానీ, కుడిచెయ్యి మాత్రం కుర్చీ మీది గుడ్డ ముడతను ఆ చివర నుంచి ఈ చివరికి సాపు చేస్తూనే ఉంది.

కుర్చీ తీసుకెళ్ళడానికి వచ్చిన అటెండరు ఆయన్ని చూసి కంగారుగా నా వైపు తిరిగాడు.

"ఈయనకు గడియారం ఇచ్చారా మేడమ్?"

"లేదు. గడియారాలు అయిపోయాయి."

"అయితే పర్లేదు" అన్నాడతను. "కాసేపు కూర్చోనివ్వండి."