నర్సమ్మ ముందు చక్రం

పీర్ మహమ్మద్ చేతిలో పడ్డ సైకిలు చక్రం నోరు మూసుకుంటుందని రెజిమెంటల్ బజారులో పేరు. కీచుమనేది, గరగరలాడేది, టకటక కొట్టుకునేది, ఏ చక్రమైనా సరే, మరలు తిప్పే పేచ్‌కస్ మొన ఇరుసుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఒక్క తిప్పు తిప్పేవాడు. లోపల ఏ గుండు పగిలిందో, గుండ్లు ఆనుకుని దొర్లే ఏ కోను అరిగిందో విప్పకుండానే చెప్పేవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు పోలేదు. ఆ సంగతి ఊళ్ళోవాళ్ళకంటే అతనే ఎక్కువసార్లు చెప్పుకునేవాడనుకోండి, అది వేరే విషయం.

అలాంటి మనిషికి నలభై ఎనిమిది సెప్టెంబరు నెలాఖరులో ఏ చప్పుడూ అర్థం కాకుండా పోయింది. ఢిల్లీ పటాలాలు వచ్చి పది రోజులైంది. దాన్ని పోలీసు చర్య అన్నారు గానీ వచ్చినవి ట్యాంకులు, పోలీసులు మచ్చుకైనా కనపడలేదు. నిజాం ఉన్నాడన్నారు, లేడన్నారు, ఉన్నా లేనట్టే అన్నారు. దుకాణం తీస్తే ఎందుకు తీశావని అడిగేవాళ్ళు, మూస్తే ఎందుకు మూశావని అడిగేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా పెట్టుకుంటున్న కుచ్చు వేలాడే రూమీ టోపీని పీర్ మహమ్మద్ ఒకరోజు పెట్టెలో దాచాడు. మర్నాడు తీసి పెట్టుకున్నాడు. మూడో రోజు నుంచి తలకు తువ్వాలు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. అననందుకు కూడా అతనికి భయమే వేసింది.

ఇంట్లో కూతురు బానోకు నెలలు నిండాయి. రెండేళ్ళ కిందట మొదటి కాన్పులో మంత్రసాని వచ్చేసరికే ఆలస్యమై బిడ్డ దక్కలేదు. అల్లుడు పనిమీద నిజామాబాదు పోయి గొడవల్లో అక్కడే చిక్కుకున్నాడు, ఉత్తరం ముక్క లేదు. ఈసారి పురుడు నర్సు కాంతమణి చేతుల మీదుగానే జరగాలని పీర్ మహమ్మద్ భార్య రసూల్ బీ పట్టుబట్టింది. ఎప్పుడు కబురు పెట్టినా వస్తానని కాంతమణి మాటిచ్చింది.

కాంతమణిది గుంటూరు వైపు. మిషన్ ఆసుపత్రిలో పని, పద్మారావు నగర్‌లో ఇల్లు. పొద్దుగూకాక ఎవరూ బయట తిరగరాదన్న ఆ రోజుల్లో ఆమెకు మాత్రం మిలిటరీవాళ్ళు చీటీ రాసిచ్చారు. అందులో ఒక షరతు ఉంది. సైకిలుకు దీపం వెలుగుతూ ఉండాలి. దీపం లేని సైకిలు కనపడితే ఆగమని అరుస్తారు, ఆగకపోతే కాలుస్తారు. కిరసనాయిలు దొరకడం లేదు, బ్యాటరీలు అంతకంటే లేవు. ఆమెకా బెంగ ఉండేది కాదు. ఆమె సైకిలు ముందు చక్రం నడుమ, ఇరుసు చుట్టూ, మరచెంబంత లావున ఒక హబ్బు ఉంది. కరెంటు పుట్టించే డైనమో అందులోనే. చక్రం తిరిగితే చాలు, దీపం వెలుగుతుంది. ఇంగ్లీషు మేట్రన్ సీమకు పోతూ ఇచ్చిపోయిన సైకిలది. సికింద్రాబాదు మొత్తంలో అలాంటివి నాలుగో ఐదో ఉంటాయి.

సోమవారం పొద్దున ఆమె ఆ సైకిలు తెచ్చింది. ముందు చక్రం పిండి మర చప్పుడు చేస్తోంది. ఆమె వీధి మొగలో ఉండగానే బానో లోపలినుంచి నర్సమ్మ వస్తోందని చెప్పేసింది. పీర్ మహమ్మద్ పేచ్‌కస్ చెవికి పెట్టుకుని, కుడి పక్క కోను పోయిందన్నాడు.

విప్పితే నిజమే. గుండ్లు నడిచే దారంతా పుచ్చు పన్నులా గుంటలు పడి ఉంది. వానాకాలం నీళ్ళు లోపలికి దిగి, గ్రీజు ఎండి, గుండ్లు ఒట్టి తుప్పులో దొర్లాయి. చక్రాన్ని తినేది రోడ్డు కాదు, ఎండిన గ్రీజేనని అతను కాంతమణికి చాలాసేపు పాఠం చెప్పాడు. లోపల ఉంగరంలా ఉన్న అయస్కాంతం దారికి అడ్డం వచ్చింది. రాగి తీగ చుట్టిన ఇనుప బిళ్ళను గట్టిగా పట్టుకుని వదల్లేదు. చెక్క సుత్తితో నాలుగు దెబ్బలు వేసి ఊడదీశాడు. బల్ల మీద పెట్టగానే అక్కడున్న మేకులన్నీ ఎగిరివచ్చి దాన్ని అతుక్కున్నాయి. వాటిని ఒక్కొక్కటే పీక్కోవలసి వచ్చింది.

యుద్ధానికి ముందు కొని దాచుకున్న సీమ గుండ్లు తీసి వేశాడు. కొత్త కోను, నిండా గ్రీజు. కోను బిగించడంలోనే ఉంది పనితనమంతా. ఎక్కువ బిగిస్తే గుండ్లు నలుగుతాయి, తక్కువైతే చక్రం ఊగుతుంది. వెంట్రుకంత సందు వదిలి ఆపాడు. తిప్పి వదిలితే చక్రం చడీచప్పుడు లేకుండా తిరిగి తిరిగి, గాలి కొట్టే వాల్వు అడుగుకు వచ్చేదాకా అటూ ఇటూ ఊగి నిలబడింది. ఇంకో పదేళ్ళు చూడనక్కర లేదన్నాడు.

మర్నాడే ఆమె మళ్ళీ వచ్చింది.

"సాయిబు గారూ, చప్పుడు పోయిందండీ. దాంతోపాటు దీపమూ పోయింది. బీడీ ముక్కంత వెలుగుతోంది."

పీర్ మహమ్మద్ నమ్మలేదు. చక్రం ఎత్తి తిప్పి చూసి నమ్మాడు. బేరింగు చెడి ఉన్నప్పుడు దీపం బాగుంది, బేరింగు బాగైతే దీపం చెడింది. ఇదెక్కడి న్యాయం? గ్రీజు తీగల్లోకి పోయి ఉంటుందనుకుని మళ్ళీ విప్పాడు. సుత్తితో అయస్కాంతాన్ని ఊడగొట్టి, అంతా పెట్రోలుతో కడిగి బిగించాడు. దీపం ఇంకాస్త ఎర్రబడింది. బుధవారం ఇంకోసారి విప్పి, కొత్త గుండ్లు అచ్చి రాలేదేమోనని పాతవాటిలో మంచివి ఏరి వేశాడు. చక్రం మూలిగింది, దీపం మాత్రం పెరగలేదు. ఆ రాత్రి స్టేషను దగ్గర సిపాయిలు ఆమెను ఆపి, తుపాకీ గుండెకు గురిపెట్టి చీటీ చదివారట. గురువారం పొద్దున వచ్చి చెప్పింది. పీర్ మహమ్మద్‌కు అన్నం సయించలేదు.

బల్బు పాతదై ఉంటుందనిపించింది. మూడిళ్ళ అవతల ఉండే యేసురాజు రైల్వే వర్క్‌షాపులో కరెంటు పనివాడు. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా ఒకే హోటల్లో, ఒకే బల్ల దగ్గర చాయ్ తాగుతున్నవాళ్ళు. అతనిచ్చిన కొత్త బల్బు వేశాక కూడా దీపం అలాగే ఉండేసరికి పీర్ మహమ్మద్‌కు బుర్ర తిరిగిపోయింది. తన చేతిలో తప్పుండదు. ఉండదు కాబట్టి తప్పు ఇంకెవరిదో అయి ఉండాలి. ఆ రోజుల్లో అందరి లెక్కా అలాగే ఉండేది. గురువారం సాయంత్రం యేసురాజు గుమ్మంలో నిలబడి, కావాలనే పాడైన బల్బు అంటగట్టావన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది.

"ఇప్పుడు మీ రాజ్యమొచ్చె. మాతోటి ఏం పని మీకు?"

యేసురాజు అతని తలమీది తువ్వాలు చూశాడు.

"మా రాజ్యమా? నాకెవ్వరు చెప్పలే, పీర్ భాయ్" అని తలుపు వేసుకున్నాడు.

ఆ రాత్రంతా పీర్ మహమ్మద్‌కు ఆ తలుపే కళ్ళ ముందు కదిలింది. సిగ్గుపడాలో కోప్పడాలో తెలియలేదు. తెల్లారి ఆ కసి అంతా హబ్బు మీద చూపించి నాలుగోసారి విప్పాడు. శనివారం పొద్దున ఐదోసారి. అయస్కాంతం ఒక్క దెబ్బకే ఊడివచ్చింది. బల్ల మీద పెడితే మేకులు బద్ధకంగా కొంచెం కదిలి అక్కడే పడుకున్నాయి. ఈ మేకులకేం రోగమని విసుక్కుని వాటిని పక్కకు ఊడ్చేశాడు.

మూడు గంటలకు బానోకు నొప్పులు మొదలయ్యాయి.

కబురందుకుని కాంతమణి ఆసుపత్రినుంచి నడిచి వచ్చి చూసింది. దీపాలు పెట్టే వేళ దాటాకగానీ పురుడు కాదంది. తనకు ఇంకో గర్భిణి ఉంది, ఐదింటికి సైకిలు తీసుకుని పోయి, ఆ పని ముగించుకుని చీకటి పడ్డాక వస్తానంది. బిడ్డ కొంచెం అడ్డంగా ఉంది కాబట్టి తను లేకుండా ఎవరూ చెయ్యి పెట్టొద్దంది. చివరగా దీపం వెలుగుతుంది కదా అని అడిగింది. పీర్ మహమ్మద్ వెలుగుతుందన్నాడు. దుకాణంలో ఆ చక్రం ముక్కలు ముక్కలుగా పడి ఉంది. లోపల కూతురు మూలుగుతోంది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి అతనికి ఏం చెయ్యాలో తోచలేదు, తోచలేదని ఒప్పుకోక తప్పలేదు. లేచి, మూడిళ్ళు నడిచి, తలుపు కొట్టాడు.

యేసురాజు గురువారం మాట ఎత్తలేదు. బానో సంగతి విని చెప్పులు వేసుకుని వచ్చాడు. బల్ల మీది అయస్కాంతం తీసి దానికొక మేకు ఆనించాడు. మేకు జారి కింద పడింది.

"దీన్ని బయటికి గుంజినప్పుడు నడుమల ఇనుము ఏం పెట్టినవ్?"

ఏమీ పెట్టలేదు. పెట్టాలని ఎవరూ చెప్పలేదు. అయస్కాంతాన్ని దాని ఇనుమునుంచి ఒట్టిగా లాగేస్తే బలం పోతుందని, దెబ్బలు తగిలితే ఇంకా పోతుందని, తీసేటప్పుడు ఆ ఖాళీలోకి ఇంకో ఇనుప బిళ్ళను తోసుకుంటూ తీయాలని యేసురాజు నెమ్మదిగా చెప్పాడు. ఎన్నిసార్లు తీశావని అడిగాడు.

"మూడుసార్లు" అన్నాడు పీర్ మహమ్మద్.

వర్క్‌షాపులో కరెంటు పారే పెద్ద తీగచుట్టలో పెడితే బలం తిరిగి వస్తుంది. కానీ శనివారం సగం పూటే, గేటు మూసేశారు. యేసురాజు గడ్డం గోక్కుంటూ కూర్చుని, ఇంటికి పోయి తన బ్యాటరీ లైటు పట్టుకొచ్చాడు. దాని బల్బు మర విప్పి సైకిలు దీపంలో బిగించాడు. సరిపోయింది. నర్సమ్మ బల్బుకు ఆరు వోల్టులు కావాలని, ఇది అందులో సగానికే వెలుగుతుందని చెప్పాడు. పీర్ మహమ్మద్ సీమ గుండ్లు మళ్ళీ వేసి, వెంట్రుకంత సందు చూసి కోను బిగించాడు. చక్రం తిప్పితే దీపం చిన్నగా, తెల్లగా వెలిగింది. ఐదింటికి కాంతమణి వచ్చి సైకిలు తీసుకుపోయింది.

పొద్దుగూకింది. పీర్ మహమ్మద్ ఇంట్లోనే మగ్రిబ్ నమాజు ముగించి లేచేసరికి యేసురాజు ఇంకా గుమ్మం లోపలే ఉన్నాడు. వీధి మొగలో ఇద్దరు సిపాయిలు నిలబడ్డారు, ఇక మూడిళ్ళ దూరమైనా పోయే వీల్లేదు. బానో గొంతు పెద్దదైంది. తలుపు సందులోంచి ఇద్దరూ వీధిలోకి చూస్తున్నారు. పీర్ మహమ్మద్ అలవాటు కొద్దీ ఆ పిండి మర చప్పుడు కోసం చెవి రిక్కించాడు. అది ఇక రాదు, తనే దాని నోరు మూయించాడని గుర్తొచ్చింది.

మలుపులో చిన్న వెలుగు కనపడింది. సిపాయిలకు కాంతమణి పాత పెద్ద దీపం తెలుసు, ఇది తెలియదు. ఆగమన్న అరుపు వినపడింది. వెలుగు ఆరిపోయింది.

చక్రం ఆగితే దీపం ఆరుతుందని పీర్ మహమ్మద్‌కు తెలుసు. అయినా చెయ్యి తలుపు గడియ మీదికి పోయింది. చీకట్లో హిందీ మాటలు, ఆమె గొంతు, మళ్ళీ మాటలు, అంత దూరానికి ఏదీ తెలియడం లేదు. యేసురాజు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోకపోతే తలుపు తీసుకుని పరిగెత్తేవాడే. అప్పుడు ఆ వెలుగు మునుపటికంటే జానెడు ఎత్తున ఒక్కసారి తెల్లగా మెరిసి, మళ్ళీ మసకబడి, ఆ తర్వాత కదిలి ఇటువైపు రావడం మొదలుపెట్టింది.

ఒక సిపాయి చక్రం ఎత్తి తన చేత్తోనే తిప్పి చూశాడని కాంతమణి లోపలికి వస్తూ చెప్పింది. దీపం ఇంత బాగా ఎవరు చేశారని అడిగింది.

"యేసురాజు చేసిండు. పాడు చేసింది నేను" అన్నాడు పీర్ మహమ్మద్.

ఆమె ఆ మాట వినిపించుకునే స్థితిలో లేదు, చేతులు కడుక్కుని తెర వెనక్కి పోయింది. మగవాళ్ళిద్దరూ సైకిలు పక్కన నేల మీద కూర్చున్నారు. రాత్రి ఇషా నమాజు వేళకు లోపల బిడ్డ ఏడ్చింది. రసూల్ బీ తల బయటపెట్టి, ఆడపిల్ల, ఇద్దరూ క్షేమమని చెప్పి మళ్ళీ లోపలికి పోయింది. పీర్ మహమ్మద్ తలమీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఐదుసార్లు" అన్నాడు.

"ఏంది?"

"మూడుసార్లు గాదు. ఐదుసార్లు తీసిన."

యేసురాజు నవ్వలేదు.

"నాకెరికే. మూడుసార్లకు గంత పాడుగాదు" అన్నాడు. సోమవారం వర్క్‌షాపుకు ఆ చక్రం తెమ్మని, ఈసారి తనే విప్పుతానని చెప్పాడు. పీర్ మహమ్మద్ ఎవరినీ ముట్టుకోనివ్వని తన పానా తీసి అప్పుడే అతని చేతిలో పెట్టాడు.