వెట్టి ముద్ద

దొర గడీలో పగటి భోజనాల వేళ. వెండి కంచంలో సన్నబియ్యం అన్నం, దాని మీద కరిగిన నెయ్యి, పక్కన గొర్రె మాంసం, గారెలు, గడ్డ పెరుగు. ఆ కంచం ముందు కూర్చున్నది దొర కాదు, సత్తెమ్మ. దొర ఎదురుగా కుర్చీలో కూర్చొని ఆమె నోటివైపే చూస్తున్నాడు. నర్సింహులపేటకు ఆమడ దూరంలో ఉన్న మేడిగూడెంలో ఇది రోజూ జరిగే ముచ్చటే. గడీ వెనక వడ్లు దంచే ఆడవాళ్ళు ఆ వాసన పీల్చి, సత్తెమ్మ నొసటి రాత ఎంత మంచిదో అనుకునేవారు. వాళ్ళ ఇళ్ళలో ఆ పూటకు జొన్న గట్క ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు.

అయ్యా, చదువరులారా, ఆ మంచి రాత సంగతేమిటో జర వినండి. దొరల మీద ఊరూరా సంఘం లేస్తున్న రోజులవి. తన అన్నంలో ఎవరో విషం కలుపుతారన్న భయం దొరకు పట్టుకుంది. పట్టుకోదా మరి, ఊరందరి ఉసురు పోసుకున్నవాడికి! అందుకని గడీలో ఏది వండినా ముందు సత్తెమ్మ తినాలి. రుచి చూస్తే సరిపోదు, నిండు కంచం ఖాళీ చేయాలి. ఆమె పడిపోకుండా ఉంటేనే దొర చెయ్యి కడుక్కునేవాడు. మనిషిని పొలంలో, పల్లకి కింద, కట్టెల మోపు కింద వెట్టికి పెట్టడం విన్నాం గానీ, తిండికి కూడా వెట్టి పెట్టిన మహానుభావుడు వీడే.

ఒకనాడు జ్వరంతో ఉన్న సత్తెమ్మ తిన్నది తిన్నట్టే కక్కింది. విషమేనని దొర కేక పెట్టాడు. వంట చేసే సాంబయ్యను స్తంభానికి కట్టి, నోట్లోంచి నెత్తురు వచ్చేదాకా కొరడాతో కొట్టించాడు. నాకు జ్వరం దొరా, నీ బాంచెన్, ఆయన తప్పు లేదని సత్తెమ్మ కాళ్ళ మీద పడింది. తప్పు లేకుంటే మళ్ళీ తిని చూపించమన్నాడు. కొరడా గాలిలో ఉంది. ఆమె ఏడుస్తూ ముద్ద మీద ముద్ద మింగింది, ముద్ద ఆగినప్పుడల్లా సాంబయ్య వీపు పగిలింది. ఆ వారం తిరక్కుండానే సాంబయ్య కన్ను మూశాడు.

ఆ రోజు నుంచి సత్తెమ్మ మనసులో ఒకటే మాట నాటుకుపోయింది. కంచంలో మెతుకు మిగిలితే ఎవరి వీపో చిట్లుతుంది. ఆకలి ఉందా లేదా అని చూసుకోవడం ఆమె మానేసింది, పెట్టింది తినేసేది. పెళ్ళై వచ్చినప్పుడు సన్నగా, చలాకీగా ఉన్న పిల్ల కొన్నేళ్ళకు నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషైంది. ఊళ్ళో కొందరు ఆమెను గడీ బర్రె అని నవ్వేవారు. భర్త ఓదెలు మాత్రం ఎవడు నవ్వినా కొట్లాటకు పోయేవాడు.

ఓదెలు సంఘంలో చేరాడు. ఓ రోజు బరిసెలు, వడిసెలలు పట్టుకొని ఊరు ఊరంతా గడీ మీద పడింది. తలుపులు విరిగాయి, కొరడా పట్టిన చేతులు విరిగాయి. దొర దొడ్డిదారిన జనగామకు ఉరికి రైలెక్కాడు. గడీలోని ధాన్యం గరిసెలు తెరిచి సన్నబియ్యం ఇంటింటికీ పంచుకున్నారు. అమ్మయ్య, వెట్టి పోయిందన్నారు అందరూ. సత్తెమ్మ కూడా అలాగే అనుకుంది.

పంట కోతల ముందు ఓ తెల్లవారుజామున దొర పంపిన గూండాలు తుపాకులతో వచ్చారు. కావలి మంచె మీదున్న ముత్తయ్య డప్పు కొట్టగానే జనం ఊరి వెనక గుట్ట ఎక్కడం మొదలుపెట్టారు. ఓదెలు తల్లి పోచమ్మకు కాలు అవిటి. వెట్టికి ఆలస్యమైందని ఆ కాలు విరగ్గొట్టిందీ గడీ మనుషులే. ఓదెలు తల్లిని భుజాన వేసుకొని పైకి చేర్చి, వెనక్కి చూస్తే భార్య లేదు. సగం దారిలో జంట బండల దగ్గర సత్తెమ్మ కూలబడి ఉంది. అడుగు పడటం లేదు, ఊపిరి అందడం లేదు.

ఓదెలు దిగి వచ్చాడు. తనను వదిలిపెట్టి పొమ్మని ఆమె చేతులు జోడించింది.

"నిన్ను ఇడిసిపెట్టి నేనెట్ల పోత?" అన్నాడతను, బరిసె పట్టుకొని ఆమెకు అడ్డంగా నిలబడి.

మొదటి తూటా అతని కడుపులో దిగింది. అయినా ముందుకొచ్చినవాణ్ణి బరిసెతో పొడిచాడు. మిగిలినవాళ్ళు గొడ్డళ్ళతో మీదపడ్డారు. సత్తెమ్మ ముఖం మీద, రవిక మీద భర్త నెత్తురు చిమ్మింది. మెడకు ఎర్ర రుమాలు చుట్టుకున్నవాడొకడు ఆమెను గుర్తుపట్టి పగలబడి నవ్వాడు. ఇది దొర తిండి తిన్నది, దీన్ని మోసుకుపోవాలంటే బండి కట్టాలని వెక్కిరించి, కడుపులో తన్ని వదిలేశాడు. చంపినా బాగుండేదని ఆమె ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వాళ్ళే వండి తెచ్చి పెడతారు. మేడిగూడెం వాళ్ళు ప్రేమ కొద్దీ గరిసెలోంచి వచ్చిన సన్నబియ్యమే వండి తెచ్చారు. ఒక ఇంటి గిన్నె ఖాళీ కాకముందే ఇంకో ఇంటి గిన్నె వచ్చింది. సత్తెమ్మ కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం కంచానికి, నోటికి తిరుగుతూనే ఉంది. ఆకలి లేదు, రుచి తెలియదు. మిగిలితే ఎవరి వీపు చిట్లుతుందో అన్న భయం ఒక్కటే.

మూలన కూర్చున్న పోచమ్మ చాలాసేపు చూసింది.

"నా కొడుకును మింగినవ్. ఇంకా కడుపు నిండలేదా?"

గిన్నెలు తెచ్చినవాళ్ళు తలలు వంచుకున్నారు. సత్తెమ్మ చేతిలోని ముద్ద జారి కింద పడింది. అత్త అంతటితో ఆగలేదు. వాళ్ళు మళ్ళీ వస్తారని, ఈసారి తనను మోసేవాడు లేడని, ఇంట్లోనే కాలి చస్తానని గోడకేసి తల కొట్టుకుంది. ఆ మాట సత్తెమ్మ గుండెలో ముల్లై దిగింది. ఈసారి అత్తను నేనే మోయాలి, ఆయన ఎక్కించిన చోటికి నేనే ఎక్కించాలి అనుకుంది. ఇక ఆమెకు రాత్రీ పగలూ అదే ధ్యాస.

ధ్యాస మంచిదే. పట్టిన దారే తప్పు. తొందరగా ఒళ్ళు తగ్గాలని పూర్తిగా తిండి మానేసింది. గంజి నీళ్ళు కూడా ముట్టలేదు. పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకొని వాగు దాటుతూ కళ్ళు తిరిగి రాళ్ళ మీద పడింది. నుదురు చిట్లి, వాగు నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆ దారిన ఎద్దులను తోలుకొస్తున్న సక్రి చూసి ఒడ్డుకు లాగింది. సక్రిది గుట్ట అవతలి లంబాడీ తండా. ఎద్దుల మీద బరువులేసి ఊళ్ళు తిరిగిన వంశం. ఆమె మగణ్ణి కూడా గూండాలే చంపారు. గాయానికి ఆకు పసరు పిండి, కొంగు చింపి కట్టి, తిండి మానేసిన సంగతి విని, సక్రి మెత్తగా తిట్టింది.

"పనిలేక కొట్టంల నిలబడి దాణ మెక్కిన ఎద్దుకు కొవ్వు పడ్తది. దుక్కికి కట్టే ముందు దానికి మేత బంద్ జేస్తమా? జేస్తే కాడి కిందనే కూలబడ్తది. దాణ తగ్గిస్తం, చొప్ప పెంచుతం, పొద్దుమాపు నడిపిస్తం. ఎద్దును చూసుకున్నట్టన్న నీ పానాన్ని చూసుకోవా చెల్లె?"

ఆ మాటకు సత్తెమ్మ మొదటిసారి తన లోపలిదంతా కక్కింది. కంచంలో మిగిల్చితే సాంబయ్య వీపు కనిపిస్తుందని, మొగుణ్ణి తన ఒళ్ళే చంపిందని వెక్కివెక్కి ఏడ్చింది. సక్రి ఆమె గడ్డం పట్టుకొని పైకెత్తింది.

"ఓదెలును చంపింది తుపాకి. నిన్ను గిట్ల జేసింది దొర. నీ ఒళ్ళు నేరం చెయ్యలేదు, దానికి జర బలం కావాలె, అంతే."

ఆ తర్వాత సక్రి చెప్పిన దారి ఏ మాయా కాదు. మన ఇళ్ళలో ఉన్నదే, మనం చిన్నచూపు చూసినదే. గరిసె తెరిచిన తర్వాత మేడిగూడెం జనం జొన్నను, తైదలను, అంటే రాగులను, బానిస తిండి అని మూలకు నెట్టి, మూడు పూటలా తెల్లన్నమే తిన్నారు. దొర తిన్నది తామూ తిన్నామన్న కసి అది. ఆ కసిలో న్యాయముంది గానీ, ఒంటికి మేలు లేదు. సక్రి మాత్రం జొన్న రొట్టెను పళ్ళెం మధ్యలో పెట్టించింది. పక్కన ఉడికించిన పెసర్లో, ఉలవలో. అన్నిటికంటే ఎక్కువగా పుంటికూర, తోటకూర, చెంచలికూర, ఏది దొరికితే అది. అన్నం మీద పగ అక్కర్లేదు, కుప్ప తగ్గిస్తే చాలంది. పొద్దున అంబలి, మధ్యాహ్నం మజ్జిగ, దాహమైతే ముందు నీళ్ళు. గారెలు, బెల్లం బూరెలు పండుగకు ఉండనిమ్మంది. నెమ్మదిగా నమలమంది, పొద్దు గూకక ముందే తినమంది, ఏ పూటా కడుపు మాడ్చుకోవద్దంది.

వీటన్నిటికంటే కష్టమైనది ఇంకొకటి. ముద్ద ఎత్తే ముందు కడుపు మీద చెయ్యి వేసి, ఆకలిగా ఉందా అని అడుక్కోవాలి. సత్తెమ్మకు ఆ జవాబు వినపడటానికే చాలా రోజులు పట్టింది. కొన్ని పూటలు పాత భయం గెలిచేది, పెట్టిందంతా తినేసి వెక్కి ఏడ్చేది. అయితే ఏమైంది, తర్వాతి పూట ఉంది కదా అనేది సక్రి. రోజూ ఇద్దరూ నడిచేవారు. మొదట వాగు దాకా, ఆ తర్వాత గుట్ట మొదటి రాయి దాకా, చాలా రోజుల తర్వాత జంట బండల దాకా. అక్కడికి చేరిన రోజు సత్తెమ్మ ఆ బండను కౌగిలించుకొని భర్త పేరు పెట్టి ఏడ్చింది. పోచమ్మ ఇంట్లోంచి అన్నీ గమనిస్తూనే ఉంది, మాట మాత్రం కలపలేదు. ఒంటి బరువు మెల్లగా తగ్గింది. నిజం చెప్పాలంటే అంత సన్నబడిందీ లేదు. కానీ మోకాళ్ళకు బలమొచ్చింది, ఊపిరి నిలిచింది.

ఏడాది తిరిగి జొన్న నూర్చే కాలంలో మళ్ళీ డప్పు మోగింది. ఈసారి గూండాలు రావడంతోనే చివరి వాడలో నిప్పు పెట్టారు. తూర్పార పట్టే ఆడవాళ్ళు చేటలు వదిలి ఉరికారు. సత్తెమ్మ ఇంట్లోకి దూసుకుపోయి, గొంగడిలో అత్తను వీపున కట్టుకుంది. వద్దు, నన్నిక్కడే వదిలెయ్యమని పోచమ్మ పెనుగులాడింది. కోడలు ముడి బిగించింది.

వెనక ఇళ్ళ కప్పులు ఫెళఫెళమంటూ కూలుతున్నాయి. కాళ్ళ పక్కన రాళ్ళకు తూటాలు తగులుతున్నాయి. మొదటి రాయి దాటింది, జంట బండలు వచ్చాయి. అక్కడ క్షణం ఆగి ఊపిరి తీసుకుందో లేదో, వెనక నుంచి ఒక చెయ్యి ఆమె మడమ పట్టి గుంజింది. మెడకు ఎర్ర రుమాలు. వాడు ఆమెను చూశాడు, ఈసారి నవ్వు రాలేదు. వీపు మీది పోచమ్మ, వీళ్ళు మళ్ళీ వస్తారనే ఏడాదిగా కొంగున కట్టుకు తిరుగుతున్న మిరపపొడి విప్పి వాడి కళ్ళల్లో కొట్టింది. వాడు అరుస్తూ గుడ్డిగా కత్తి విసిరితే సత్తెమ్మ చెయ్యి తెగింది. తెగిన చేత్తోనే ఆమె రాయెత్తి వాడి నెత్తి మీద వేసింది. వాడి పుర్రె పగిలి, ఓదెలు పడిన చోటనే వాడూ పడ్డాడు. రెండో రాయి అవసరం రాలేదు.

పై నుంచి వడిసెల రాళ్ళు వానలా కురిశాయి. తమ మనిషి కూలడం చూసిన గూండాలు పీనుగులను కూడా వదిలేసి వెనక్కి ఉరికారు. సత్తెమ్మ అత్తను గుట్ట మీదికి చేర్చి, గొంగడి ముడి విప్పి, అప్పుడు కూర్చుంది. కింద ఊరు పొగలు కక్కుతోంది. ఎవరో ఆమె చేతికి కట్టు కడుతున్నారు.

పోచమ్మ జరుగుతూ కోడలి దగ్గరికి వచ్చింది. రొంటిన దోపుకున్న జొన్న రొట్టె తీసి, కోడలి ముందు పట్టింది.

"ఆకలైతుందా బిడ్డా?"

తిను అన్నవాళ్ళే గానీ ఆకలవుతోందా అని సత్తెమ్మను ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుంది. అవునత్తా, అవుతోందని చెప్పింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చొని ఆ రొట్టె తుంపుకున్నారు. కొంతసేపటికి సత్తెమ్మకు కడుపు నిండింది. చేతిలో ఇంకా ముక్క మిగిలే ఉంది. పాత భయం ఒక్కసారి లోపల కదిలింది, చెయ్యి నోటిదాకా పోయి ఆగింది. ఆ ముక్కను ఆమె తిరిగి అత్త చేతిలో పెట్టింది.

"చాలు అత్తా."

ఎవరి వీపూ చిట్లలేదు. పోచమ్మ ఆ ముక్కను కళ్ళకద్దుకొని, నా కొడుకు పేరు నిలబెట్టినవని కోడలి తల తన ఒళ్ళోకి తీసుకుంది. అత్తాకోడళ్ళు ఓదెలు చచ్చిన రోజు ఏడవాల్సిన ఏడుపు అప్పుడు కలిసి ఏడ్చారు.

చుట్టూ మూగిన ఆడవాళ్ళు ఇంత బలం ఎట్లా వచ్చిందని అడిగారు, ఏ వేరు నమిలావన్నారు. సత్తెమ్మ కళ్ళు తుడుచుకొని, తండా నుంచి ఉరికొచ్చి తన వెనక నిలబడ్డ సక్రిని చూపి, వాళ్ళకు చెప్పింది.

"వేరు లేదు, మంత్రం లేదు. దొర ఉరికిండు గని, వాని భయం నా కంచంలనే కూసున్నది. ఆకలైనప్పుడు తినుడు, చాలన్నప్పుడు ఆపుడు, గీ రెండూ మన చేతికి రానన్ని రోజులు మన వెట్టి పోనట్టే."