డీజిల్ మూత మీద బొట్టు

నేను ఒక చిన్న ట్రాక్టరును. ఒడ్డూ పొడుగూ తక్కువే గాని, అనుమానంలో మాత్రం పెద్ద పెద్ద ట్రాక్టర్లు కూడా నా ముందు దిగదుడుపే. ఎవరైనా నా బానెట్టు మీద చెయ్యి వేస్తే, ముద్దు చేస్తున్నాడా, దుమ్ము ఎంత పేరుకుందో చూస్తున్నాడా అని ముందు ఆలోచిస్తాను. పుట్టుక అలాంటిది మరి. నేను పుట్టిన ఫ్యాక్టరీలో ఒకడు బోల్టు బిగిస్తే, వాడు సరిగ్గా బిగించాడో లేదో చూడడానికి ఇంకొకడు వచ్చేవాడు. వాడు నిజంగానే చూశాడో, చూసినట్టు నటించాడో కనిపెట్టడానికి కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన వెనకాలే తిరిగేవాడు. ఒకరి మాట ఒకరు నమ్మని చోట కళ్ళు తెరిచినదాన్ని, నేను మాత్రం ఎవరిని నమ్ముతాను?

మొదట నన్ను కొన్నది మేడ్చల్ దగ్గర ద్రాక్షతోట పెట్టిన పట్నం ఆఫీసరు. ఆదివారాలు వచ్చి నా మీద కూర్చుని ఫోటోలు దిగేవాడు. నాతో దున్నించింది తక్కువ, చుట్టాలకు చూపించింది ఎక్కువ. బోరు ఎండిపోగానే ఆయనకు సేద్యం మీద మోజు కూడా ఎండిపోయింది. నన్ను అమ్మకానికి పెట్టి, "కన్నబిడ్డలా చూసుకున్నానండీ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. ఒక్కసారైనా ఆయిలు మార్చని కన్నతండ్రిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నన్ను చూడడానికి ఆర్మూరు వైపు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకడు ముత్యంరెడ్డి. పసుపు, సోయా, ఎర్రజొన్న పండించే రైతు. రెండోవాడు లింబాద్రి. ముత్యంరెడ్డితో కలిసి ఊరి బడిలో చదువుకున్నవాడు, మస్కట్‌లో లారీలు తోలి వచ్చి, ఇక చచ్చినా ఆ ఎండలోకి పోనని ఒట్టు పెట్టుకున్నవాడు. ముత్యంరెడ్డి నా టైర్లు తన్ని చూశాడు, సీటు కింద తొంగి చూశాడు, ఆఫీసరు ముఖంలోకి కూడా అలాగే తొంగి చూశాడు. లింబాద్రి మాత్రం ఇంజను స్టార్టు చేసి, పక్కన నిలబడి కాసేపు విన్నాడు.

"బండి మంచిగున్నది పటేలా. తీస్కో."

ఆ ఒక్క మాటతో బేరం కుదిరింది. ముత్యంరెడ్డి అలా ఒక మనిషి మాట నమ్మడం చూసి నాకు ఆశ్చర్యమేసింది. ఇతనికి ఈ లింబాద్రి అంటే గురి ఉందని అనుకున్నాను.

కొన్నేళ్ళు బాగానే గడిచాయి. లింబాద్రి నన్ను తోలేవాడు. గేరు మార్చేటప్పుడు నా పళ్ళు ఎప్పుడూ నూరనివ్వలేదు. అంతలో ఊళ్ళో ఎవరి ట్రాక్టరులోనో డీజిల్ పోయిందని పుకారు పుట్టింది. పోయిందో, ఆ ఆసామే తాగించి మరిచిపోయాడో ఎవరికీ తెలియదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే ఊరు అది. మర్నాడే ముత్యంరెడ్డి నా డీజిల్ ట్యాంకుకు తాళం ఉన్న మూత బిగించి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఒక కర్రపుల్ల చెక్కి, దాని మీద గాట్లు పెట్టి, ట్యాంకులో ముంచి డీజిల్ ఎంతుందో చూడడం మొదలుపెట్టాడు. లింబాద్రి నవ్వి ఊరుకున్నాడు. తాళం తన కోసమని అతను అనుకోలేదు. నేను అనుకున్నాను.

ఆ ఏడు దసరాకు నాకు ఆయుధపూజ చేశారు. ముత్యంరెడ్డి తల్లి నర్సవ్వ పెద్ద మనసున్న మనిషి. పసుపు పండించే ఇల్లు కావడంతో ఆమె చేతికి లోటనేది తెలియదు. దీపాలకు, స్టీరింగుకు, బానెట్టుకు, చక్రాలకు గిన్నెడు పసుపు ముద్ద పూసి కుంకుమ బొట్లు పెట్టింది. ట్యాంకు తాళం మూత కొత్తగా మెరుస్తుంటే, "ఇది మా కొత్త కోడలు లెక్కున్నది" అని దానికి మరీ మందంగా పెట్టింది.

ఆ మూత నడుమ సూదిమొనంత బెజ్జం ఉంటుంది. ట్యాంకులో డీజిల్ తగ్గుతున్న కొద్దీ బయటి గాలి ఆ బెజ్జంలోంచి లోపలికి పోవాలి. గాలి పోకపోతే డీజిల్ కిందికి దిగదు. డీజిల్ దిగకపోతే నేను నడవను. ఇంత చిన్న సంగతి నాకు తెలుసు. చెప్పడానికి నాకున్నది ఒక్క హారను, అది కూడా ఎవరో ఒకరు నొక్కితేనే మోగుతుంది.

సోయా కోసిన చేలో ఎర్రజొన్న వెయ్యాలి. నేల పదును మీద ఉంది, ఆలస్యమైతే ఆరిపోతుంది. లింబాద్రి పొద్దున్నే దున్నడం మొదలుపెట్టాడు. కాసేపు బాగానే నడిచాను. తర్వాత ఊపిరాడలేదు. దగ్గి, ఎగిరి, చేను మధ్యలో ఆగిపోయాను. లింబాద్రి సెల్ఫ్ కొట్టాడు. ఇంజను తిరిగింది గాని అందుకోలేదు. బ్యాటరీ వైర్లు కదిపాడు, ఫిల్టరు దగ్గర తడిమాడు, మళ్ళీ కొట్టాడు. మూత తీద్దామంటే దానికి తాళం. చివరికి ముత్యంరెడ్డికి ఫోను చేశాడు.

ముత్యంరెడ్డి గట్టు మీదుగా ఊగుతూ వచ్చాడు. ఆగిందనగానే అతనికి ముందు గుర్తొచ్చింది ఇంజను కాదు, డీజిల్. తాళం తీసి, మూత విప్పి, పుల్ల ముంచి చూశాడు. గాట్ల మీద వేలు పెట్టి ఏదో లెక్క చూసుకున్నాడు.

"ఇప్పుడు కొట్టు" అన్నాడు.

లింబాద్రి సెల్ఫ్ కొట్టాడు. మూత తీసి ఉంది కనుక నాకు ఊపిరాడింది, వెంటనే అందుకున్నాను. మూత పెట్టి తాళం వేసి ముత్యంరెడ్డి వెళ్ళిపోయాడు. అతను ఊరు చేరేలోపే నేను మళ్ళీ ఆగాను.

అక్కడి నుంచి మొదలైంది మా గోస. లింబాద్రి తోలితే ఆగడం, ముత్యంరెడ్డి వచ్చి మూత తీస్తే లేవడం. డీజిల్ దొంగ కోసం వెతుకుతూ అతను తీసే మూతే నాకు మందు. అతను మాత్రం దాన్ని సాక్ష్యం అనుకున్నాడు.

"నేనొస్తె లేస్తది, నువ్వుంటె పంటది. గిదేం కథ లింబా?"

"నాకేం ఎరుక పటేలా. నువ్వొచ్చేదాంక నేను దీన్ని ముట్టని జాగ లేదు."

"గదే నేను సుత అంటున్న. నేనొచ్చేదాంక ఒక్కనివే ఉంటవ్ గద."

మాటలో ముల్లు ఉందని లింబాద్రికి అప్పుడు తెలిసింది. ముఖం ఎర్రబడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడంటారేమోనని, పాపం, చేతులు కూడా కదపలేదు.

ఆర్మూరు నుంచి మెకానిక్ యూసుఫ్‌ను పిలిపించారు. అతను దిగీ దిగగానే ముత్యంరెడ్డి మూత తీసి, "డీజిల్ అయితె ఉన్నది, సూడు" అని చూపించాడు. ఇంకేముంది, నేను మొదటి దెబ్బకే అందుకున్నాను. యూసుఫ్ నన్ను అనుమానంగా చూశాడు, ముత్యంరెడ్డిని అంతకన్నా అనుమానంగా చూశాడు. అయినా వచ్చాను కదా అని ఫిల్టరు మార్చాడు, పైపుల్లో గాలి తీశాడు, టెర్మినళ్ళు గీకాడు. పోయేముందు చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"బండిల ఏం లేదు పటేల్ సాబ్. బండి మీద కూసునేటోన్ని సూస్కో."

తనకు దొరకని రోగాన్ని ఇంకొకరి మెడకు చుట్టడం డాక్టర్లకే కాదు, మెకానిక్కులకు కూడా వచ్చు. మర్నాడు నేను మళ్ళీ ఆగాను. ఇటు నర్సవ్వ, బండికి ఎవరి దిష్టో తగిలిందని, శుక్రవారం నాడు ఆ మూత మీది బొట్టును పైనుంచి ఇంకాస్త మందం చేసింది. డీజిల్ తడికీ దుమ్ముకీ ఆ పసుపు రాయిలా గట్టిపడింది. దానితో ఇంకా త్వరగా ఆగిపోసాగాను.

ఒకనాడు చుట్టుపక్కల చేలవాళ్ళు పని ఆపి చూస్తుండగా ముత్యంరెడ్డి పుల్ల పైకెత్తి చూపించాడు.

"ఇంత దున్నలే, ఇంత డీజిల్ ఎటు వోయింది? కింది పైపు ఊడదీసి గుంజుతున్నవ్. అందుకే బండి బందు వెడుతున్నవ్. రేపటికెళ్లి రాకు."

లింబాద్రి మెడ మీది తువ్వాల తీసి, మళ్ళీ వేసుకున్నాడు. నా తాళంచెవి సీటు మీద పెట్టాడు. గట్టు వెంట నడుచుకుంటూ పోయాడు. నాకు కడుపు మండిపోయింది. డీజిల్ అందక కాదు, నిజంగానే కోపంతో.

ఇంజనుకు డీజిల్ ఎలాగో డ్రైవరుకు పేరు అలాగ. బంకు దగ్గర నేను చెవులారా విన్నాను. లింబాద్రి పనికి వస్తానన్నాడని ఒక ఆసామి చెబుతుంటే, రెండోవాడు, "వద్దు, తోడుకపోతడట" అన్నాడు. ఊళ్ళో ఏ ట్రాక్టరూ అతన్ని ఎక్కనివ్వలేదు. ఒట్టు తీసి గట్టున పెట్టి లింబాద్రి మస్కట్ ఏజెంటు చుట్టూ తిరుగుతున్నాడనీ, వీసా వచ్చేసిందనీ అక్కడే తెలిసింది.

ముత్యంరెడ్డి నన్ను తానే తోలడం మొదలుపెట్టాడు. దొంగ పోయాడు కనుక బండి ఇక ఆగదని అతని ధీమా. నేను ఆగాను. అతను చుట్టూ చూశాడు. చేలో ఎవరూ లేరు. అనుమానించడానికి మనిషి దొరకక నా టైరును ఒక్క తన్ను తన్నాడు. అలవాటు కొద్దీ మూత తాళం తీశాడు.

ఉస్సుమని గాలి లోపలికి పోయింది.

ఆ చప్పుడు మొదటి రోజు నుంచీ ఉంది. కాని ఇన్నాళ్ళూ మూత తిప్పేటప్పుడు అతను లింబాద్రి మీద అరుస్తూ ఉండేవాడు. ఇప్పుడు అరవడానికి ఎవరూ లేరు కనుక చెవికి వినపడింది. మూత బిగించి కాసేపు నడిపాడు. ఆగాను. తీశాడు. మళ్ళీ ఉస్సుమంది. మూతను వెనక్కీ ముందుకూ తిప్పి చూసి, తుమ్మముల్లు తెచ్చి బొట్టు మీద గీకాడు. పెచ్చు ఊడి బెజ్జం బయటపడింది. ముత్యంరెడ్డి ఆ పచ్చటి పెచ్చును అరచేతిలో పెట్టుకుని, దున్నిన చాలులోనే కూలబడ్డాడు.

ఇతను ఎవరికీ చెప్పడని నాకు ఆ క్షణమే అనుమానం కలిగింది. అనుకున్నట్టే అయింది. యూసుఫ్ ఏదో పంపు మార్చాడని ఊళ్ళో చెప్పుకున్నాడు. శుక్రవారం నర్సవ్వ పసుపు గిన్నెతో వస్తే కసిరాడు.

"ఆ మూతకు వెట్టకే అవ్వా. గాలి బెజ్జం మూస్కపోయే బండి ఆగింది."

నర్సవ్వ గిన్నె కింద పెట్టింది. "అంటె నా పసుపుకా? మరి లింబడు ఏం జేసిండు?"

"ఏం జెయ్యలే."

"వానికి చెప్పినవా?"

"చెప్త తియ్."

"ఎప్పుడు? వాడు ఇమానం ఎక్కినంకనా?"

మర్నాడు పొద్దున పాలక్యాన్లతో నన్ను పాలకేంద్రానికి తీస్తుంటే, ఎన్నడూ లేనిది నర్సవ్వ వచ్చి ట్రాలీలో ఎక్కి కూర్చుంది. ఎందుకా అని నాకు అనుమానం. కొడుక్కి అంతకన్నా ఎక్కువ అనుమానం. పాలకేంద్రం ముందు ఊరు ఊరంతా క్యాన్లతో నిలబడి ఉంది. ఆమె ట్రాలీలోంచి దిగలేదు. అక్కడే లేచి నిలబడింది.

"అందరు ఇనుండ్రి. నేను వెట్టిన పసుపే మా బండికి అడ్డం వడ్డది. లింబడు సుక్క డీజిల్ ముట్టలే. వాన్ని దొంగ అన్నోళ్ళ నోట్లె మన్నువడ. మా కొడుకు నోట్లె సుత."

ముత్యంరెడ్డి స్టీరింగు వంకే చూస్తూ కూర్చున్నాడు. పాలు పోసి, తల్లిని ఇంటి దగ్గర దింపి, నన్ను నేరుగా లింబాద్రి ఇంటి ముందుకు తోలాడు. ఇంజను ఆపలేదు, దిగనూ లేదు.

"మొన్నటి వాన పదును వోతున్నది లింబా. రా, ఎక్కు."

లింబాద్రి అరుగు మీద కూర్చుని సూటుకేసుకు తాడు కడుతున్నాడు. తల ఎత్తలేదు.

"భూమి పదును వోతె మల్ల వాన వడ్తది పటేలా. నా పేరుకు ఏ వాన వడాలె?"

"అవ్వ చెప్పింది గద, ఊరందరు ఇన్నరు."

"అవ్వ చెప్పింది. నువ్వు చెప్పలే."

ముత్యంరెడ్డి ఇంజను ఆపి దిగాడు. "తప్పయింది లింబా" అన్నాడు.

లింబాద్రి చేతిలోని తాడు ఆగింది. "నీతోని తప్పయిందని అనిపిచ్చుకునుడు నాకు అక్కర లేదు. ఒక్క పలక మీద రాసుకున్నోళ్ళం. డీజిల్ తీసినవా లింబా అని నన్ను ఒక్క మాట అడిగినవా? పుల్లను అడిగినవ్. యూసుఫ్‌ను అడిగినవ్. నన్ను అడగలే."

లోపల అతని భార్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు కూడా ఆగిపోయింది. ముత్యంరెడ్డికి జవాబు తెలుసు, ఊరికి తెలుసు, నాకు ముందు నుంచీ తెలుసు. అయినా చేతులు కట్టుకుని, బడిపిల్లవాడిలా నిలబడి అడిగాడు.

"డీజిల్ తీసినవా లింబా?"

"లేదు పటేలా. తియ్యలే."

లింబాద్రి సూటుకేసు గోడ వారకు జరిపి, తువ్వాల దులిపి భుజాన వేసుకుని వచ్చి నా మీద కూర్చున్నాడు. సెల్ఫ్ కొట్టగానే అందుకున్నాను. ముత్యంరెడ్డి పక్కన మడ్‌గార్డు మీద ఎక్కాడు. చేను చేరేదాకా ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. నా పొగ వల్లనేమోనని నాకు అనుమానం వచ్చింది. కాని ఆ పొద్దున గాలి పొగను అవతలి వైపుకు తీసుకుపోతోంది.