గస్‌కి మళ్ళీ వస్తోందేమో

ఆరేళ్ళ పిల్లనీ నాలుగేళ్ళ పిల్లాణ్ణీ బేస్‌బాల్‌కి తీసుకెళ్ళడమంటే ఆట చూడ్డం కాదు, కప్పల్ని తక్కెట్లో తూచడం. ఒకటి లోపల కూచుంటే రెండోది బయటికి దూకుతుంది. క్యాజ్ వోయ్‌టాస్‌కి ఆ సంగతి మూడో ఇన్నింగ్స్‌కల్లా తెలిసొచ్చింది. అప్పటికే మనవడు గస్ పట్టుబట్టి రెండు హాట్‌డాగులు కొనిపించి, ఒకటి తిని, రెండోదాన్ని ముందు వరసాయన టోపీ మీద పెట్టాడు. మనవరాలు టిల్లీ "ఇంకా ఎంతసేపు తాతా?" అని పదకొండుసార్లు అడిగింది. వాళ్ళమ్మ ఆదివారం పూట కూడా ఆసుపత్రి డ్యూటీకి పోతూ గుమ్మంలోనే గట్టిగా చెప్పింది: "నాన్నా, వాడు ఒకటికి అంటే ఆ క్షణమే లేవాలి. ఈ ఒక్క బంతీ అయ్యాక అన్నావో, తడిసిన లాగు నువ్వే ఉతకాలి."

పిల్లలంటే క్యాజ్‌కి ప్రాణమే. కానీ ఆటన్నా ప్రాణమే. ఈరీ సరస్సు ఒడ్డునున్న ఈ మైదానానికి నలభయ్యారేళ్ళుగా వస్తున్నాడు. ఊరి జట్టు హెరాన్స్ గెలుపులు చూశాడు, అంతకు రెట్టింపు ఓటములు చూశాడు. చూడనిదల్లా ఒక్కటే, నో-హిట్టర్. బంతి విసిరేవాడు తొమ్మిది ఇన్నింగ్సుల్లోనూ అవతలి జట్టుకి ఒక్క దెబ్బంటే ఒక్క దెబ్బ కూడా దక్కనివ్వకపోవడం. దెబ్బంటే బంతిని కొట్టి, ఔటవకుండా బేస్ అనే మజిలీ చేరడం. హెరాన్స్ తరఫున అది ఒకేఒక్కసారి జరిగింది. ఆ రోజు ఈ మహానుభావుడు, కార్ల రద్దీ తప్పించుకుందామని ఏడో ఇన్నింగ్స్‌లో లేచి ఇంటికి పోయాడు. పెరట్లో పచ్చిక కోస్తూ రేడియోలో విన్నాడు. ఇరవై రెండేళ్ళయినా ఆ పచ్చికని తిట్టుకుంటూనే ఉన్నాడు. అప్పట్నుంచీ ఆట ముగిసేదాకా ఇల్లు తగలబడుతోందన్నా సీట్లోంచి లేవడు.

ఈ రోజు ఆరో ఇన్నింగ్స్ అయ్యేసరికి స్కోరుబోర్డు మీద అవతలి జట్టు దెబ్బల గడిలో సున్నా ఉంది. హెరాన్స్ తరఫున బంతి విసురుతున్నవాడు మారినో, ఎడంచేతి వాటం కుర్రాడు, జట్టులోకి వచ్చి మూడు వారాలు కాలేదు. జనంలో మాటలు తగ్గాయి. సున్నా అందరికీ కనిపిస్తోంది, ఒక్కరూ పైకి అనడం లేదు. ఈ ఊళ్ళోనే కాదు, బేస్‌బాల్ ఆడే ఏ ఊళ్ళోనైనా అంతే. అది పూర్తయ్యేదాకా దాని పేరెత్తకూడదు, ఎత్తితే దిష్టి.

ఆరేళ్ళ పిల్లకి ఇవేం తెలుసు? టిల్లీ వేలు చూపించి గట్టిగా అడిగింది. "తాతా, అక్కడ సున్నా ఉందేంటి? వాళ్ళు ఇంతవరకూ ఒక్కటి కూడా..."

పక్క సీటు వెర్నా గుప్పెడు పాప్‌కార్న్ దాని నోట్లో కుక్కింది. వెర్నా ముప్ఫయ్యేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. పంతొమ్మిదేళ్ళుగా క్యాజ్ పక్కనే కూచుని, ప్రతి బంతినీ పుస్తకంలో రాసుకుంటుంది. "తినమ్మా, తిను. బంగారు తల్లివి కదూ, నోరు ఖాళీగా ఉంచకు" అంది.

ఏడో ఇన్నింగ్స్‌లో మారినో తడబడ్డాడు. వరసగా చెడ్డ బంతులు వేసి ఇద్దర్ని ఊరికే బేసుల మీదికి పంపాడు. అది దెబ్బల లెక్కలోకి రాదు, కానీ చెయ్యి అలిసిందని అందరికీ తెలిసిపోయింది. సరిగ్గా అప్పుడే గస్ తాత చొక్కా పట్టి లాగాడు.

"తాతా, ఒకటికి."

"ఒరే, ఈ ఒక్క..." కూతురి మొహం కళ్ళ ముందు కనబడింది. వెర్నా చూస్తానంది కాబట్టి టిల్లీని ఆమెకి అప్పజెప్పి, వాణ్ణి చంకనేసుకుని మెట్లెక్కి పరిగెత్తాడు. వాడింకా గుండీతో కుస్తీ పడుతుండగానే బయట జనం ఘొల్లుమన్నారు. తిరిగొచ్చేసరికి ఇన్నింగ్స్ అయిపోయింది. ఒక్క బంతికే ఇద్దరు ఔట్, తర్వాతి బంతికి మూడోవాడూ ఔట్. సున్నా చెక్కుచెదరలేదు. "హమ్మయ్య" అని కూలబడ్డాడు క్యాజ్. వెర్నా మాత్రం తాతనీ మనవణ్ణీ ఎగాదిగా చూసింది.

ఎనిమిదో ఇన్నింగ్స్. మొదటివాడు కొట్టిన బంతి తూటాలా పోయింది. హెరాన్స్ ఆటగాడు గాల్లోకి దూకి వేళ్ళ కొసలతో పట్టాడు. రెండోవాడు కొట్టింది గీతకి జానెడు అవతల పడింది కాబట్టి లెక్కలోకి రాలేదు. అప్పుడు వెర్నా పుస్తకంలోంచి తలెత్తకుండానే అంది.

"క్యాజ్, గస్‌కి మళ్ళీ వస్తోందేమో."

"నాకేం రావట్లేదు" అన్నాడు గస్.

"వస్తుందిలే నాన్నా, వెళ్ళి చూడు" అంది వెర్నా వాడితో.

"వాడు రావట్లేదంటున్నాడు కదా వెర్నా!"

వెనక వరసలోంచి ఓ భారీకాయం ముందుకి వంగింది. "పెద్దాయనా, పిల్లాణ్ణి తీసుకెళ్ళండి. పిల్లల్ని బిగబట్టించకూడదు" అన్నాడాయన, కన్నీళ్ళొక్కటే తక్కువ. ఎందుకని అడగక్కర్లేదు. చెప్పకూడదు కూడా. తను సీట్లో లేనప్పుడే మారినో కుదురుకున్నాడని క్యాజ్‌కీ తెలుసు. ఇదే సంగతి పక్కవాడికి జరిగుంటే తనే వాడి కాలర్ పట్టుకుని బాత్‌రూమ్‌లోకి తోసేవాడు. పళ్ళు కొరుక్కుంటూ లేచాడు. మెట్లు దాటాడో లేదో, ఔట్. చేతులు కడిగాడో లేదో, ఇంకో ఔట్.

ఇక తొమ్మిదో ఇన్నింగ్స్. మెట్ల మొదట్లోకొచ్చి తొంగిచూస్తే దూరాన్నుంచి వెర్నా రెండు చేతులూ ఊపుతోంది, రావద్దు, రావద్దని. ఆమెతో పాటు వరసంతా ఊపుతోంది. టిల్లీకి ఏం అర్థమైందో, అది కూడా సంబరంగా ఊపుతోంది.

నలభయ్యారేళ్ళు! ఎలా పోతాడు? చావనీ, దిష్టీ లేదు గిష్టీ లేదు అనుకుని స్తంభం చాటున నిలబడ్డాడు. తన కళ్ళతో చూడాలి, అంతే. మారినో విసిరాడు. చెడ్డ బంతి. మళ్ళీ చెడ్డ బంతి. మూడోదీ, నాలుగోదీ అంతే. కొట్టేవాడు ఊరికే మొదటి బేస్‌కి నడిచి వెళ్ళాడు. కుర్రాడు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. 

క్యాజ్ మనవడి వైపు చూశాడు. "పదరా" అన్నాడు. ఈసారి ఎవరూ పంపలేదు, తనే బాత్‌రూమ్‌లోకి వెళ్ళాడు.

"తాతా, మనం ఇక్కడెందుకు నించున్నాం?"

"సాయం చేస్తున్నాంరా."

"ఎవరికి?"

"అదుగో, బయట బంతి విసురుతున్న అన్నయ్యకి."

గస్‌కి అది బాగానే నచ్చింది. తాతేమో చల్లటి గోడకి చెవి ఆనించి నిలబడ్డాడు. ఇన్నేళ్ళు విన్న చెవి కదా, చప్పుడుని బట్టే చెప్పగలదు. చప్పట్లయితే మంచి బంతి, నిట్టూర్పయితే చెడ్డది. ఓ కేక లేచింది, ఒకడు ఔట్. చాలాసేపు నిట్టూర్పులు. మళ్ళీ కేక, రెండోవాడు ఔట్. ఇంకొక్కడు. చప్పట్లు. మళ్ళీ చప్పట్లు. ఇంకొక్క మంచి బంతి పడితే వాడూ ఔటే. ఆ పైన ఊరికి ఊరే ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం.

గస్ చేతులు ఆరబెట్టే యంత్రం మీట నొక్కాడు.

భుర్రుమని మోగింది చూడండి, చెవిలో తేనెటీగల తుట్టె పగిలినట్టు! "ఆపరా, ఆపు, ఆపూ!" అని క్యాజ్ గోడ మీద గుద్దాడు. అది ఆగితేనా! ఆగాక చూస్తే కాళ్ళ కింద నేల అదురుతోంది. అలా అదిరిందంటే ఒక్కటే అర్థం. మనవణ్ణి భుజానికెత్తుకుని, ఎవరో ఏమిటో చూడకుండా ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ కావలించుకుంటూ పరిగెత్తాడు.

వెర్నా ఏడుస్తోంది. "నో-హిట్టర్! నో-హిట్టర్! ఇప్పుడు అనొచ్చు క్యాజ్! అంతా నీ పుణ్యమే!" వెనక వరస పెద్దమనిషి గస్ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. కింద మైదానంలో మారినోని జట్టంతా కుప్పగా పడి తొక్కేస్తోంది. క్యాజ్ గొంతు పోయేదాకా అరిచాడు.

"నువ్వు చూశావుటే?" అని టిల్లీని అడిగాడు.

"మొత్తం చూశా. నువ్వే చూళ్ళేదు."

"అవునే. నేను చూళ్ళేదు." సీట్లో కూచుని దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. జనం లేచి పోతున్నారు, కార్లు హారన్లు కొడుతున్నాయి. "నువ్వే చెప్పు. తొందరేం లేదు, ఒక్క బంతి కూడా వదలకుండా చెప్పు."

టిల్లీ మూతి తుడుచుకుని సీటు మీద ఎక్కి నిలబడింది. ఇంతమంది పెద్దవాళ్ళకి తెలిసింది తాతకి తెలియదంటే దానికి ఎక్కడలేని గొప్పగా ఉంది.

"మొదటేమో," అంది, "నువ్వు వెళ్ళిపోయావు."

"ఊఁ" కొట్టాడు క్యాజ్.