ముట్టని గిన్నె

సారా తాగడం మానేశాక సామేలు ప్రభురాత్రి భోజనానికి రావడం అదే మొదలు. యూనివర్సిటీ హాస్టల్ వంటింట్లో వారమంతా పనిచేసి అలసిన ఒంటితోనే తార్నాక చర్చిలో మోకరించాడు. రొట్టె తీసుకున్నాడు. ద్రాక్షరసం గిన్నె దగ్గరికి రాగానే ఆ పులిసిన వాసనకు నోరూరింది. ఒక్క గుక్కతో మళ్లీ మొదలవుతుందని భయపడి తల తిప్పుకున్నాడు.

"గిన్నె వద్దన్నడంటే పాపభయమే, మళ్ల తాగుతున్నట్టే," ఆడవాళ్ల వరసలో ఉప్పలమ్మ గొణిగింది.

ఆ గిన్నె సామేలు భార్య కాశమ్మ ముందుకొచ్చింది. ఆమె కూడా తల తిప్పుకుంది.

"ఓయమ్మ, ఈమె గూడ మొదలువెట్టిందా!" అంది ఉప్పలమ్మ.

బయటికొచ్చాక సామేలు అడిగాడు: "నువ్వెందుకు తీసుకోలే?"

"ఆ వాసన ఇంటికి తేవుడెందుకని. నడువు, కాళ్లు గుంజుతున్నయ్," అంది కాశమ్మ.