ఫ్లెక్సీ వెనకవైపు

జనం కింద ఉండగానే కాంట్రాక్టర్ తిరుపతిరావు క్వారీలో మందు పేల్పించాడు. కింద రాళ్లెత్తుతున్న కూలీ ప్రేమదాసు తల బద్దలైంది. శవాన్ని టిప్పర్‌లో తీసుకుపోయి జగ్గయ్యపేట బైపాస్ పక్కన పడేసి, తాగి లారీ కింద పడ్డాడని పోలీసులతో రాయించారు, దొంగనాయాళ్లు. పక్కనే రాళ్లు కొడుతున్న పెళ్లాం సౌభాగ్యమ్మ అంతా కళ్లారా చూసింది. కూలిమనిషి మాట ఎవడు వింటాడు?

అదృష్టం కొద్దీ, పెళ్లి ఫొటోలు తీసే జాకియా ఆ పొద్దున కూలోళ్ల పనిని ఫొటోలు తీస్తూ క్వారీలోనే ఉంది. పైన నిలబడి పేల్చమని చెయ్యూపుతున్న తిరుపతిరావు, కింద ఇంకా రాళ్లెత్తుతున్న ప్రేమదాసు, ఇద్దరూ ఒకే ఫొటోలో పడ్డారు. స్టేషన్‌కి పట్టుకెళ్తే ఎస్సై దానివంక చూడను కూడా లేదు.

నందిగామ కల్యాణమండపంలో ఫొటోల పండగ పెట్టారు. పేరు శ్రమ సౌందర్యం. పెట్టించింది ఎవరు? ఇంకెవరు, తిరుపతిరావే. జాకియా ఫొటో గోడకెక్కిన కాసేపటికే పీకేశారు.

"రోడ్డు మీదే పెడదాం పిన్నీ. ఊరంతా చూడాలి. కానీ దేనికి అంటిస్తాం?" అంది జాకియా.

"మా పాకల మీద కప్పుకున్నవి వాడి పుట్టినరోజు ఫ్లెక్సీలే కదే. వెనకంతా తెలుపేగా" అంది సౌభాగ్యమ్మ.

కూలోళ్లు తమ పాకలు తామే విప్పుకున్నారు. ఫ్లెక్సీల వెనకవైపు ఆ ఫొటోనే పెద్దగా వేయించి అంటించి, మండపం ముందు వరసగా పట్టుకుని నిలబడ్డారు. లోపల ఫొటోలు చూస్తున్న జనం బయటికొచ్చి చూడటం మొదలెట్టారు.

అంతే, రౌడీలు దిగారు. జాకియా చెయ్యి విరిచారు. ముసలి కూలీ బ్రహ్మయ్య తల పగలగొట్టారు. ఒకడు ప్రేమదాసు బొమ్మని కత్తితో నిలువునా చీల్చాడు.

"ఆపండ్రా, అది నేనురా" అని మండపం మెట్లమీంచి అరిచాడు తిరుపతిరావు. అటువైపు దండేసుకుని నవ్వుతున్న ఆయన మొహం గడ్డం దాకా తెగి వేలాడుతోంది. రౌడీల చేతులు ఆగిపోయాయి. చింపితే చిరిగేది అన్న మొహం, చింపకపోతే ఊరికి కనపడేది ప్రేమదాసు.

"ఆగావేంరా? నా మొగుణ్ణి చంపేటప్పుడు మీ అన్న ఆగలేదే" అంటూ సౌభాగ్యమ్మ కత్తి పట్టుకున్నవాడి మీద పడింది. కత్తి ఆవిడ అరచేతిని కోసింది. అయినా వదల్లేదు. రాళ్లు పగలగొట్టే చేతులన్నీ ఒక్కసారే లేచాయి. రౌడీలు చొక్కాలు చిరిగి, మూతులు పగిలి పరిగెత్తారు.

పోలీసులొచ్చారు. రౌడీల కోసం కాదు, సౌభాగ్యమ్మ కోసం. నెత్తురోడుతున్న చేతికే బేడీ వేసి వ్యాన్ ఎక్కించారు.

కిటికీ జాలీ దగ్గరికి జాకియా వచ్చింది. విరిగిన చెయ్యి చున్నీతో కట్టుకుని ఉంది.

"మళ్లీ ఎక్కడ పెడతారే?" అడిగింది సౌభాగ్యమ్మ.

"స్టేషన్ ముందర, పిన్నీ."

వ్యాన్ కదిలింది. చీలిన ఫ్లెక్సీ రెండు ముక్కలూ పట్టుకుని, కూలోళ్లంతా దాని వెనకే నడిచారు.