నిలవనివ్వని ప్రోటీన్

ఆ పరిశోధక అమ్మాయి ఏడాదిగా ఒకే ఒక్క ప్రోటీన్ కోసం వెతుకుతోంది. కణాలను చితక్కొట్టి, వాటిలోని ప్రోటీన్లను కాగితం లాంటి పల్చటి పొర మీదికెక్కించి ఫోటో తీస్తే, అది ఉన్నచోట నల్లటి గీత పడాలి. పడితేనా! ఎన్నిసార్లు చేసినా పొర తెల్లమొహం వేసేది.

"శుక్రవారం మీటింగులో గీత చూపించు. లేకపోతే దీన్ని మూసేసి వేరే పని చూద్దాం," అన్నారు గైడు మేడమ్. ఆవిడ మాటంటే మాటే.

సోమవారం గీత పడింది. కాటుక దిద్దినంత చిక్కగా! అమ్మాయి ఎగిరి గంతేసింది. ఏ డిష్షులో పెంచిన కణాలకు పడిందో చూసుకున్నాక ఆ సంబరం కాస్తా ఎగిరిపోయింది. పోలిక కోసం ఏ మందూ వెయ్యకుండా ఉత్త ద్రావకం పోసిన డిష్షది. తీరా చూస్తే పోసింది ద్రావకమూ కాదు. అదే నీలం మూతతో పక్కనే ఉన్న వేరే ట్యూబు. కణంలో ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రాన్ని ఆపేసే మందు అందులో ఉంది.

చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే గీత చేతిలోనే ఉంది. కాసేపు ఊగిసలాడి మేడమ్ గదిలోకి వెళ్ళింది.

"గీత వచ్చింది మేడమ్. కానీ నా గొప్పేం లేదండీ, ట్యూబు మార్చేశాను."

మేడమ్ తిట్టలేదు. ఫోటో లాక్కున్నంత పని చేశారు.

"యంత్రం ఆగితే కనపడిందా! అంటే కణం దీన్ని చేస్తూనే ఉందమ్మా. చేసింది చేసినట్టే ముక్కలు చేసేస్తోంది."

"చేసి పారెయ్యడం దండగ కాదాండీ?"

"కణాన్ని రెండుగా చీలమని తొందరపెట్టే ప్రోటీనిది. ఊరికే తిరగనిస్తే కొంప మునుగుతుంది. అందుకే కణం దానికో గుర్తు తగిలిస్తుంది, గుర్తున్నదాన్నే యంత్రం మింగుతుంది. అవసరమొచ్చిందనుకో, గుర్తు వెయ్యడం ఆపితే చాలు. అప్పటికప్పుడు సిద్ధం!"

కిక్కిరిసిన అన్ని వేల ప్రోటీన్లలో సరిగ్గా దాన్నే పట్టుకుంటుందా! అనుకుంటూ అమ్మాయి మళ్ళీ ల్యాబుకి పరిగెత్తింది.

ఈసారి కావాలనే మందు పోసింది. మళ్ళీ గీత పడింది. ఇంకో డిష్షులో మందును మర్నాటి దాకా ఉంచి మైక్రోస్కోపు కింద పెట్టింది. అడుగుకు అంటుకుని హాయిగా పరుచుకోవాల్సిన కణాలు ముడుచుకుపోయి, ఊడి తేలుతున్నాయి. చచ్చిపోయాయి. ఆ యంత్రం లేకుండా అవి ఒక్క రోజు కూడా బతకలేకపోయాయి. ఏడాది పొడుగునా ఆ ప్రోటీన్ చెయ్యడం వీటికి చేతకావడం లేదని తిట్టుకున్నందుకు అమ్మాయికి సిగ్గేసింది.

శుక్రవారం మీటింగులో అందరూ గీత కోసం చూస్తుంటే, ముందుగా ఖాళీ పొర ఫోటో పెట్టింది.

"ఇవి బతికున్న కణాలండీ. దాన్ని నిలవనివ్వవు," అంది.